వీధి వైపు పొగగొట్టం

అదిస్ అబాబా
తిక్మ్త్ నెల, పదో రోజు

బెజునేష్ అక్కకి,

క్షేమంగా చేరాను. జిమ్మా దాటాక బస్సు రెండుసార్లు ఆగింది. అది అలా ఉంచు, అసలు సంగతికి వస్తాను.

మెస్కెల్ పండక్కి నీ ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ నీ దగ్గు విన్నాను. జలుబన్నావు. కాఫీ గింజలు పెనం మీద పడగానే వచ్చి, గింజలు దించిన గంటకి పోయే జలుబు ఎక్కడైనా ఉంటుందా? మధ్యాహ్నం పక్కింటి పెనం, మళ్ళీ జలుబు. సాయంత్రం వీధి చివరింట్లో మళ్ళీ. రోజుకు మూడు పూటలు, నలభై ఏళ్ళు. లెక్క నువ్వే కట్టుకో, నీకు కూడికలు నేర్పింది నేనే.

బయల్దేరే రోజు నీకు చెప్పకుండా ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. అక్కడి నర్సు నిన్ను ఎరుగును. "ఆర్నెల్ల కిందటే చెప్పాం కదండీ. ఆవిడ ఊపిరితిత్తులు మసిబారిపోయాయి. ఆ కిటికీ లేని వంటింట్లో ఇంకా వేపుతూ కూచుంటే రెండేళ్ళో, మూడేళ్ళో" అంది. ఆర్నెల్లు నా దగ్గర దాచావు.

నాకు ఒళ్ళు మండుతోంది. నీ మీద కాదు. కాఫీ వాసన మీద పాట కట్టనివాడు ఈ దేశంలో లేడు. ప్రతి హోటలు గోడ మీదా తెల్లటి నేతబట్ట కట్టుకున్న ఆడమనిషి బొమ్మ, ముందు పెనం, దాని మీద వంకీలు తిరిగే పొగ. బొమ్మలో ఆమె నవ్వుతూనే ఉంటుంది. దగ్గుతున్న ఆడమనిషిని ఎవడూ బొమ్మ గీయడు. మగాడు వాసన పీల్చి, ఆడది పొగ మింగితే దానికి సంప్రదాయమని పేరు. పైగా మంచి గింజైనా మీకు దక్కుతుందా? నీ ఇంటి వెనక అడవిలో పండిన మొదటి రకం గోతాల్లో పడి ఓడెక్కుతుంది. ఏరి పారేసిన చిల్లుగింజా నల్లగింజా పగిలిన ముక్కా నీ పెనం మీదికొస్తాయి. పెద్దగింజ ఇంకా పచ్చిగా ఉండగానే ముక్కలు మాడిపోతాయి. నువ్వు మింగే పొగలో సగం ఆ ముక్కలదే.

కాబట్టి నీకు గింజలు వేపే యంత్రం ఒకటి కొనాలని నిశ్చయించాను. మూడు రకాలు చూశాను. ఒకటి కరెంటుది, గాజు కిటికీలోంచి రంగు కనిపిస్తుంది, ముద్దుగా ఉంది. మీ ఊళ్ళో కరెంటు వారానికి రెండు రోజులు చుట్టపుచూపుగా వస్తుంది కాబట్టి అది దండగ. రెండోది వేడిగాలితో గింజల్ని ఎగరేసేది. దానికీ కరెంటే కావాలి, పైగా ఒక్క గుప్పెడే పడుతుంది. మూడోది ఇక్కడి మెర్కాతో బజారులో ఒక కమ్మరి చేస్తాడు. చేత్తో తిప్పే మూసిన డబ్బా, కింద బొగ్గుల పళ్ళెం, పొగ బయటికి పోవడానికి గొట్టం.

ఏది కావాలో రాయి.

నీ తమ్ముడు
అస్రాత్

---

బోంగా
హిదార్ నెల, రెండో రోజు

అస్రాత్ మాష్టారి సముఖానికి,

నీ ఉత్తరం ఎటాగెన్‌కి చదివి వినిపించాను. మరిచిపోయావా, అక్షరాల ఉద్యమం రోజుల్లో నీ క్లాసులో నా పక్కన కూచుని ఒక్క అక్షరం దిద్దడానికి వారం తీసుకున్న పక్కింటి ఎటాగెన్. మూడో పేజీకి కునుకు తీసింది. లేచి "మీ తమ్ముడు ఎవరితో పోట్లాడుతున్నాడు?" అంది. పొగతో అన్నాను. "గెలిచాడా?" అంది.

నర్సు పిల్ల మంచిదే గాని అందరికీ అదే చెబుతుంది. వీధిలో దగ్గని ఆడది ఎవరు? దగ్గు లేకపోతే ఆ ఇంట్లో వంట లేదనుకోవాలి.

ఒరే, నువ్వు చదువుకున్నవాడివి, నాకు ఒక్కటి చెప్పు. మూసిన డబ్బాలో వేపితే చుట్టాల ముందుకి ఏం తీసుకుపోను? గింజకి నూనె తేలి మెరుస్తున్నప్పుడు పెనం పట్టుకుని ఒక్కొక్కరి ముందుకీ వెళ్ళాలి, వాళ్ళు రెండు చేతులతో ఆ పొగ మొహానికి తోసుకోవాలి. మెస్కెల్ నాడు నువ్వూ తోసుకున్నావు, కళ్ళు మూసుకుని, మూడుసార్లు. అప్పుడు నీకు పొగ గుర్తు రాలేదేం?

ఇంకోటి. మన వీధిలో ఎవరూ ఎవరినీ కాఫీకి పిలవరు. పిలిస్తే పెళ్ళేమో అనుకుంటారు. వాసన లేచిన ఇంటికి కాళ్ళే తీసుకుపోతాయి. పొద్దున నాది, మధ్యాహ్నం ఎటాగెన్‌ది, సాయంత్రం ఆ చివర అల్మాజ్‌ది. ఏ ఇంటి వాసన రాకపోతే ఆ ఇంటి తలుపు కొడతాం, ఒంట్లో ఎలా ఉందని. కిందటి వానల్లో అల్మాజ్ జ్వరంతో పడుంటే అలాగే కదా తెలిసింది.

నాకు యంత్రం వద్దు. ఎప్పుడైనా నువ్వే వచ్చి పెనం పట్టు. యాభై ఏళ్ళొచ్చాయి, ఒక్కసారి ఒక్క గింజ వేపావా? "మగాడు పెనం పడితే గింజలు సిగ్గుపడి పేలవు" అంటోంది ఎటాగెన్.

ఈసారి పండు బాగా కాసింది. కోత మొదలైంది. మంచిదంతా లారీలెక్కుతోంది, నువ్వన్నట్టే.

నీ అక్క
బెజునేష్

---

అదిస్ అబాబా
హిదార్ నెల, ఇరవై మూడో రోజు

అక్కకి,

నువ్వు ఎంచుకోలేదు కాబట్టి నేనే ఎంచుకున్నాను. ఈ ఉత్తరం తెచ్చిన బస్సు డ్రైవరు దెమిస్సే దగ్గరే డబ్బా ఉంది. దించేటప్పుడు పిడి వంగకుండా చూసుకో.

"వీధిలో అందరికీ దగ్గే" అని రాశావు. అక్కా, అందరికీ ఉన్నంత మాత్రాన రోగం ఆచారమైపోదు. ఊరంతా కుంటితే నడక అదేనంటామా? ఆడవాళ్ళు ఓర్చుకుంటారని లోకం ఓర్పు గురించి పద్యాలు రాస్తుంది. నేను ఓర్చుకోను. నాకు ఉన్నది ఒక్క అక్క.

వాడే పద్ధతి రాస్తున్నాను. గింజలు కడిగి, తడి ఆరాక వెయ్యి. డబ్బాలో సగానికి మించకూడదు. నెమ్మదిగా, ఆగకుండా తిప్పు. లోపల కనపడదు గాని వినపడుతుంది. మొక్కజొన్న పేలినట్టు మొదటి చిటపట మొదలవుతుంది. అది సద్దుమణిగాక కాసేపే ఉంచు. మూత తీసి చేటలో పోసి వెంటనే చెరుగు. బయటికొచ్చాక కూడా గింజ తన వేడికి తానే మాడుతుంది, ఆలస్యం చేయకు. గొట్టం మాత్రం తప్పకుండా వెనక గోడలోంచి లోయ వైపు పెట్టించు. వీధి వైపు పెడితే గాలి మళ్ళీ గుమ్మంలోకే తోస్తుంది.

డబ్బాతో పాటు పంపిన సంచిలో ఉన్నది మొదటి రకం, ఓడెక్కాల్సిన గింజ. గోదాములో గింజలేరే నా స్నేహితురాలు ఒకామె ఎలా తెచ్చిందో అడగలేదు. నువ్వూ అడక్కు. అరచేతిలో పోసుకుని చూడు, అన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉంటాయి. మీ కొండ మీద పుట్టిన గింజ మీ ఇంటికి రావడానికి అదిస్ దాకా వచ్చి దొంగదారిన వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది. దీని మీద వచ్చే వారం మా పత్రికలో రాస్తున్నాను.

అస్రాత్

---

బోంగా
తాహ్‌సాస్ నెల, పద్నాలుగో రోజు

తమ్ముడికి,

డబ్బా చేరింది. పిడి వంగలేదు, దెమిస్సే నడుమే వంగింది. కమ్మరి గెబ్రే వచ్చి వెనక గోడకి కన్నం పెట్టి గొట్టం లోయ వైపు తోశాడు. నువ్వు రాసినట్టే.

మొదటిసారి చిటపట వినపడక కొంచెం మాడ్చాను. రెండోసారి చెవి డబ్బాకి ఆనించి చెంప కాల్చుకున్నాను. మూడోసారికి కుదిరింది. ఒప్పుకోవాలి, ఇన్నేళ్ళలో అంత సమానంగా వేగిన గింజ నేను చూడలేదు. ఒక్కటి నలుపు లేదు, ఒక్కటి పచ్చి లేదు. నల్లకూజాలో మొదటి పాకం పొంగినప్పుడు మీగడ కట్టినట్టు కట్టింది. మొదటి వాయి అబోల్ తాగాను, రెండో వాయి తోనా తాగాను, చివరి వాయి బరకా పల్చనే అయినా పారబోయబుద్ధి కాలేదు. మన కొండ కాఫీ ఇలా ఉంటుందని నాకు ఈ వయసులో తెలిసింది. అమ్మకి తెలియకుండానే పోయింది.

దగ్గు తగ్గింది. నిజమే చెబుతున్నాను, నర్సు పిల్లనడుగు. కళ్ళు కూడా మండటం లేదు. వంటింటి గోడకి సున్నం వేయించాను, ఇంకా తెల్లగానే ఉంది.

ఎటాగెన్‌కి తీరిక చిక్కినట్టు లేదు. కోత రోజులు కదా.

కప్పులు కడిగే పని బాగా తగ్గింది.

నీ అక్క
బెజునేష్

---

అదిస్ అబాబా
తిర్ నెల, ఏడో రోజు

అక్కకి,

నీ ఉత్తరం చదివి ఆఫీసులో అందరికీ వినిపించాను. దగ్గు తగ్గింది అన్న వాక్యం కింద గీత గీశాను. నా వ్యాసంలో నిన్ను పేరు లేకుండా చేర్చాను. "బోంగాలో ఒక అక్క" అని. మంత్రిత్వశాఖ నుంచి ఒకాయన ఫోను చేసి, మన సంస్కృతిని కించపరిచానన్నాడు. ఆయన ఇంట్లో గింజలు ఎవరు వేపుతారని అడిగాను. పనిమనిషి అన్నాడు. ఆమె దగ్గుతుందా అన్నాను. ఫోను పెట్టేశాడు.

అయితే నాకొక అనుమానం. హిదార్లో పంపిన గింజలు ఇప్పటికి ఎప్పుడో అయిపోవాలి. దెమిస్సేతో అడిగిస్తే "ఇంకా సంచిలో సగం ఉన్నాయి" అన్నావట. ఆ ఇంట్లో పూటకి పది కప్పులు పోస్తావు, నాకు తెలుసు. అంటే ఏమిటి? డబ్బాని మూలన నిలబెట్టి, మంచి గింజ దాచి, పాత పెనం మీద చిల్లుగింజ వేపుతున్నావు. నిజం చెప్పు, పెనం ఎక్కడుంది? దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్. ఎటాగెన్‌కి మాత్రం వద్దు, ఆమెకీ ఊపిరితిత్తులున్నాయి.

అస్రాత్

---

బోంగా
యెకాతిత్ నెల, మూడో రోజు

అస్రాత్‌కి,

పెనం మేకుకి వేలాడుతోంది. దాని మీద సాలీడు గూడు కట్టింది. కావాలంటే దెమిస్సేని పంపి చూపించుకో. రోజూ నీ డబ్బాలోనే వేపుతున్నాను. ఒక్క మనిషికి ఎన్ని గింజలు కావాలి?

వీధిలో ఒక మాట తిరుగుతోంది. నీకు నవ్వొస్తుందని రాస్తున్నాను. "బెజునేష్ ఇంటికి మంచి గింజ వచ్చింది, మూత పడింది" అంటున్నారు. బావి దగ్గర నా వెనక అన్నారు, నాకు చెవుడనుకున్నారు కాబోలు. అదిస్ నుంచి తమ్ముడు పంపిన ఓడగింజ ఎవరికీ పెట్టకుండా వాసన బయటికి రాకుండా తాగుతున్నానట. ఎటాగెన్ అన్న మాటే అది. గొంతు నాకు తెలుసు.

పిలవచ్చు కదా అంటావు నువ్వు. నలభై ఏళ్ళు పిలవకుండా వచ్చినవాళ్ళని ఇప్పుడు పిలిస్తే, ఇన్నాళ్ళూ ఎందుకు పిలవలేదంటారు. ఏం చెప్పను? ఆ మాట విన్నాక నేనూ వాళ్ళ ఇళ్ళకి పోవడం లేదు. నాకూ కొంచెం పొగరు ఉంది. అది మన ఇంటి సొత్తు, నీకూ వచ్చింది.

ఒకటి అడుగుతాను, కాదనకు. ఆ గొట్టాన్ని వీధి వైపు తిప్పించనా? డబ్బా అలాగే ఉంటుంది, మూత అలాగే ఉంటుంది, పొగ నా ముక్కులోకి రాదు. వాసన మాత్రం లోయలోని కోతులకి కాకుండా మనుషులకి పోతుంది. గెబ్రే రేపే వస్తానన్నాడు. నువ్వు తెచ్చిపెట్టిన వస్తువు, నీకు చెప్పకుండా చేయడం ఇష్టం లేక ఆపాను.

నీ అక్క
బెజునేష్

---

అదిస్ అబాబా
యెకాతిత్ నెల, పదహారో రోజు

అక్కకి,

గొట్టం జోలికి పోకు.

డబ్బాతో పంపిన ఉత్తరంలోనే రాశాను. వీధి వైపు గోడకి గుమ్మం ఉంది, లోయ గాలి అటే వీస్తుంది. పొగ తిరిగి నీ ఇంట్లోకే వస్తుంది. మూడు నెలల్లో వచ్చిన ఆరోగ్యం ముప్ఫై రోజుల్లో పోతుంది. ఎవరో బావి దగ్గర ఏదో అన్నారని నీ ఊపిరి మళ్ళీ తాకట్టు పెడతావా? వెనకబాటుతనం ఎప్పుడూ ఇలాగే పని చేస్తుంది. కొత్త వస్తువు మీద నేరుగా రాయి విసరదు, పక్కింటావిడ నోటితో వెటకారం చేయిస్తుంది. నువ్వు వాళ్ళకోసం నలభై ఏళ్ళు పొగ మింగావు, వాళ్ళు నీకోసం నాలుగు అడుగులు వేయలేరా? నోరుంది కదా, పిలువు. రాకపోతే అది వాళ్ళ లోపం.

నేను చెప్పినట్టు విను. ఫాసికా పండక్కి వస్తాను, అప్పుడు మాట్లాడదాం.

అస్రాత్

---

బోంగా
మెగాబిత్ నెల, పన్నెండో రోజు

అస్రాత్ మాష్టారికి,

ఎటాగెన్ రాస్తున్నాను. నాకు రాయడం నువ్వే నేర్పావు, తప్పులుంటే దిద్దుకో.

తంతి అంది ఉంటుంది. నువ్వు వచ్చేలోపు మట్టి చేయక తప్పలేదు. ఎండలు. చావు ఖర్చులకి నెలనెలా చందా కట్టే మన ఇద్దిర్ వాళ్ళు డేరా వేశారు, ఏ లోటూ రానివ్వలేదు. మూడు రోజులూ ఉడకబెట్టిన గోధుమలూ శనగలూ పంచాం, వీధంతా కూచుంది. నువ్వు నిన్న వచ్చి సమాధి దగ్గర నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా బస్సెక్కి వెళ్ళిపోయావు. అందుకని రాస్తున్నాను. ఎలా జరిగిందో నీకు తెలియాలి.

ఆవిడ బుధవారం పొద్దున వంటింట్లో పడిపోయింది. డబ్బా తిప్పుతుండగా పడినట్టుంది. లోపల గింజలు ఒకవైపే మాడి బొగ్గయ్యాయి. తుంటి విరిగింది. గడప దాకా పాక్కుంటూ వచ్చింది, గోళ్ళలో మట్టి ఉంది. పిలిచే ఉంటుంది. నేను ఆ పొద్దున అల్మాజ్ ఇంట్లో నవ్వుతూ కూచున్నాను. గురువారం మధ్యాహ్నం దెమిస్సే నువ్వు పంపిన గింజల సంచి ఇవ్వడానికొచ్చి తలుపు తోశాడు. అప్పటికి ప్రాణం పోయి ఎంతో సేపు కాలేదు. ఆ రోజే చూసుంటే బతికేదని నర్సు పిల్ల అంది.

మాష్టారూ, నలభై ఏళ్ళు ప్రతి పొద్దునా మా ముక్కులు ఆవిడ గుమ్మంలోకి తొంగి చూసేవి. వాసన రాని రోజు ఒక్కటి ఉన్నా పరిగెత్తేవాళ్ళం. డబ్బా వచ్చాక మూడు నెలలుగా వాసనే లేదు. లేని వాసన ఆ రోజు లేదని మాకెలా తెలుస్తుంది?

నువ్వు మూత పెట్టావని నేననడం లేదు. పిసినారిదన్నది నేనే. బావి దగ్గర అన్న మాట నాదే. ఆవిడ వినాలనే గట్టిగా అన్నాను. విని వచ్చి నాతో పోట్లాడుతుందనుకున్నాను. పోట్లాడితే కాఫీ తాగి రాజీ పడేవాళ్ళం. రాలేదు.

నీ ఉత్తరాలన్నీ దిండు కింద ఉన్నాయి, చదివాను. గెబ్రేని అడిగాను. నీ ఆఖరి ఉత్తరం వచ్చిన రోజు అతను సుత్తి పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడట. చదివి, "వద్దులే, మా తమ్ముడు కాదన్నాడు" అని వెనక్కి పంపేసిందట.

నలభయ్యో రోజుకి గింజలు ఆ ఇంటి ఆడమనిషే వేపాలి. ఆ ఇంట్లో ఆడమనిషి లేదు. నన్ను వేపమంటే వేపుతాను. నువ్వు చెప్పు.

ఎటాగెన్

---

అదిస్ అబాబా
మెగాబిత్ నెల, ఇరవై ఐదో రోజు

ఎటాగెన్ అక్కకి,

నీ ఉత్తరంలో ఒక్క తప్పూ లేదు.

వారం రోజులుగా నీకు జవాబు రాసి చించేస్తున్నాను. ఒకసారి నిన్ను తిట్టాను. ఒకసారి నర్సు మాట రుజువుగా పెట్టి, పొగే చంపేదని, నా డబ్బా మూడు నెలలు ఆయుష్షు పోసిందని వాదించాను. ఆ వాదంలో తప్పు లేదు. ఇప్పటికీ అదే అంటాను, పొగ చంపుతుంది. నేను జీవితమంతా ఇలాంటి తప్పు లేని వాదాలే రాశాను. ఆడవాళ్ళని అడగకుండా వాళ్ళ బతుకులు నిర్ణయించేవాళ్ళ మీద ఇరవై ఏళ్ళు నిప్పులు కక్కాను. ఆ ఇరవై ఏళ్ళలో నన్ను ఒక ఆడమనిషి ఒక్కటి అడిగింది, గొట్టం తిప్పనా అని. జోలికి పోకు అన్నాను.

"ఒక్క మనిషికి ఎన్ని గింజలు కావాలి" అని రాసింది. నేను ఆ వాక్యాన్ని పెనం గురించిన సాకుగా చదివాను. ఊళ్ళో అక్షరాలు నేర్పినవాణ్ణి, నాకు చదవడం రాలేదు.

నలభయ్యో రోజుకి వస్తాను. గింజలు నేను వేపుతాను. నువ్వు నవ్వుకో, గింజలు సిగ్గుపడితే పడనీ. సాలీడుని తోలి, పెనం కడిగి ఉంచు.

అస్రాత్

---

బోంగా
మియాజియా నెల, ఇరవై రెండో రోజు

అస్రాత్ తమ్ముడికి,

గింజలు మాడ్చావు. ఎవరూ నీతో అనలేదు, నేనంటున్నాను. సగం బొగ్గు, సగం పచ్చి. అంత మంచి గింజని అంత చెడగొట్టడం వీధిలో ఎవరివల్లా కాదు. అయినా అబోల్, తోనా, బరకా మూడూ తాగాం. అల్మాజ్ బరకా రెండోసారి పోయించుకుంది.

నువ్వు పెనం పట్టుకుని ఒక్కొక్కరి ముందుకీ వస్తున్నప్పుడు నీకు దగ్గొచ్చింది. నా దాకా వచ్చేసరికి కళ్ళు కారుతున్నాయి, పొగకో దేనికో. నేను చేతులు ఎత్తలేకపోయాను. వాసన తోసుకోకుండా కూచున్నానని నువ్వు తప్పుగా అనుకోకు.

వెళ్ళే ముందు అడిగావు, ఈ డబ్బాని ఏం చేద్దామని. ఏం చెయ్యమంటారు అని అడిగావు, చేసెయ్యలేదు. అందుకని చెబుతున్నాను. నాకూ దగ్గుంది, రెండేళ్ళుగా. నర్సు పిల్ల నాకూ అదే చెప్పింది, నేనూ దాచాను. అల్మాజ్‌దీ అదే కథ. డబ్బా మాకు కావాలి. బెజునేష్ ఇంట్లోనే ఉంచుతాం, తాళంచెవి నా దగ్గరుంది, ముగ్గురం వంతులవారీగా అక్కడే వేపుతాం.

నిన్న గెబ్రేని పిలిచి గొట్టం వీధి వైపు తిప్పించాను. పైకి మూరెడు పెంచి, కొస కొంచెం వంచాడు. పొగ గుమ్మంలోకి రాలేదు. ఇళ్ళ కప్పుల మీదుగా వీధంతా పోయింది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

అతను పని మొదలుపెట్టినప్పుడు కూజా నిప్పుల మీద పెట్టాను. అబోల్ పొంగేలోపే గొట్టం తిప్పడం అయిపోయింది.

ఎటాగెన్